1942 విశాఖలో నర్సే డిటెక్టివ్: యుద్ధకాలపు అపరాధ పరిశోధన నవల రాయడం ఎలా

యుద్ధం రోజుల్లో ఆసుపత్రిలో ఒక హత్య జరిగితే దాని వాసన ముందుగా తగిలేది నర్సుకే. డాక్టరు రౌండుకి వచ్చి వెళ్లిపోతాడు. పోలీసు కబురందాక వస్తాడు. నర్సు మాత్రం రాత్రంతా వార్డులోనే ఉంటుంది. ఎవరు నిద్రపోయారు, ఎవరు మూలిగారు, ఏ మంచం దగ్గరికి ఎవరొచ్చి వెళ్లారు, సీసాలో మందు ఎంత మిగిలింది, అన్నీ ఆమె లెక్కలోవే. అందుకే ఈ తరహా నవలకు మూలసూత్రం ఒక్కటే: పరిశోధన ఆమె డ్యూటీలోంచి పుట్టాలి. భూతద్దం పట్టుకుని గోడలు దూకే నర్సుని రాస్తే ఆమె ఒంటిమీద తెల్లబట్టలు వేషంలా మిగిలిపోతాయి. ఉష్ణోగ్రత చార్టు, మందుల రిజిస్టరు, బీరువా తాళంచెవి, ఒళ్లు తుడిచే తడిగుడ్డ, ఈ నాలుగూ చాలు ఆమెకి.

ముందు తేదీ తేల్చుకోండి

విశాఖకి కథ పెట్టుకుంటే 1942 కంటే మంచి సంవత్సరం దొరకదు. మార్చి మొదట్లో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి. మర్నాడు, ఏప్రిల్ 6 సోమవారం, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బాంబుల కంటే భయం పెద్దది. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి తరలిపోయారు. ఇళ్లకి తాళాలు, వీధుల్లో కుక్కలు. సగం ఖాళీ అయిన ఊళ్లో ఒక మనిషి మాయమైతే వెతికేవాళ్లెవరు? నవల మొదటి ప్రశ్న అక్కడే దొరికేసింది.

తేదీ తేలాక పంచాంగం తెరవండి. అది చిత్రభాను నామ సంవత్సరం, చైత్ర బహుళ పక్షం. పున్నమి ఏప్రిల్ 1న అయిపోయింది. అంటే 6వ తేదీ పొద్దుగూకిన దగ్గర్నుంచి రాత్రి పదిన్నర దాటేదాకా ఆకాశంలో చంద్రుడు లేడు. ఊరంతా బ్లాకవుట్, అంటే శత్రు విమానాలకి కనబడకుండా దీపాలు ఆర్పేయడం. ఎనిమిది గంటలకు మేడమీద మనిషి ముఖాన్ని వెన్నెల్లో చూశానని మీ సాక్షి చెబితే, అతను అబద్ధమైనా ఆడుతుండాలి, లేదా మీరు పంచాంగం చూడకుండా రాసైనా ఉండాలి. మొదటిదైతే క్లూ, రెండోదైతే తప్పు. మరో రెండు వారాల లోపే అక్షయ తృతీయ, సింహాచలంలో చందనోత్సవం. ఊరు వదిలిన జనంలో కొందరిని ఆ రోజుకి వెనక్కి రప్పించుకోవచ్చు.

గడియారం సంగతి ఇంకా రుచికరమైనది. 1942 సెప్టెంబరు 1 నుంచి యుద్ధం కోసం దేశమంతటా గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. 1945 అక్టోబరు దాకా అలాగే నడిచింది. ఆసుపత్రి, రైల్వే, పోర్టు కొత్త టైముతో నడుస్తాయి. జాలరిపేటలో ముసలమ్మ మాత్రం పొద్దు చూసే టైము చెబుతుంది. సెప్టెంబరు తొలిరోజుల్లో పొద్దుగూకడం పాత లెక్కలో ఆరు దాటి పది నిమిషాలకైతే, కొత్త గడియారంలో అది ఏడూ పది. "దీపాలెట్టే యేళకి ఆడు ఇక్కడే ఉన్నాడమ్మా" అన్న మాటని ఇన్‌స్పెక్టరు ఆరు గంటలని రాసుకుంటే హంతకుడికి ఉచితంగా గంటసేపు అలిబీ, అంటే ఆ వేళకి వేరేచోట ఉన్నాడన్న సాక్ష్యం, దొరుకుతుంది. రాత్రి డ్యూటీకి ఎక్కేముందు చార్టు మీద గంటలు వేసుకునే నర్సుకి ఆ తేడా తడుతుంది, ఎందుకంటే ఆ వారమంతా రోగులు మందు వేళలు అర్థం కాక ఆమె ప్రాణం తీస్తూనే ఉన్నారు. మీ కథని ఏప్రిల్‌లో మొదలుపెట్టి సెప్టెంబరుకి తీసుకెళ్లగలిగితే ఈ కిటుకు వాడండి. ఏప్రిల్‌లో మాత్రం వాడకండి.

ఊరు ఎలా ఉండేదో

అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), విజయనగరం ఆ జిల్లాలోవే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. రైలు స్టేషన్ పేరు వాల్తేరు. పోర్టు 1933లో తెరిచారు, అంటే కథాకాలానికి తొమ్మిదేళ్ల పిల్ల. సింధియా వారి ఓడల కార్ఖానాకి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ ఓడ నీళ్లలోకి దిగింది 1948లో, కాబట్టి మీ పాత్రలు ఓడ ప్రారంభోత్సవానికి వెళ్లకూడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని యుద్ధం వల్ల గుంటూరుకి తరలించారు. జగదాంబ సెంటర్ అనే పేరు సినిమా హాలు కట్టాక వచ్చింది, 1942 రిక్షావాడి నోట రాదు. పాతూరు, కొత్త వీధి, కురుపాం మార్కెట్, రాస్ హిల్, డాల్ఫిన్స్ నోస్, ఇవి నిశ్చింతగా వాడొచ్చు.

పెద్దాసుపత్రి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నుంచి ఉంది. కథలో దాని పేరు వినబడాలి, గుర్రబ్బండి దాని ముందు నుంచి పోవాలి. కానీ హత్య, దొంగ కాంపౌండరు, లంచగొండి డాక్టరు మాత్రం అక్కడ వద్దు. ఖాళీ అయిన ఏదో జమీందారీ బంగళాలో తాత్కాలికంగా తెరిచిన 40 మంచాల ఆసుపత్రిని మీరే కల్పించుకోండి. అలా అయితే గదుల కొలతలు కూడా మీ చేతిలో ఉంటాయి. ఒక కాగితం మీద ప్లాను గీయండి: మంచాల నంబర్లు, నర్సు బల్ల, మందుల బీరువా, స్నానాల గది, వెనక మెట్లు. బల్ల దగ్గర కూర్చుంటే ఏయే మంచాలు కనిపిస్తాయో గీత గీసి చూడండి. కనిపించని మంచమే మీ కథాస్థలం.

గెజిటీర్, పాత ఆంధ్రపత్రిక సంపుటాలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం తప్పనిసరి. వీటితో పాటు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి కూడా ఒకసారి వెళ్లండి. అప్పట్లో పేలకుండా మిగిలిన జపాన్ బాంబు తొడుగు అక్కడుంది. దాని పక్కన నిలబడితే ఎంత పెద్దదో, మనిషి ఏ మేరకు వస్తాడో తెలుస్తుంది. ఆ ఒక్క కొలత మీకు పేజీడు వర్ణన మిగులుస్తుంది.

ఆమె ఎవరు

స్టాఫ్ నర్సునే ఎంచుకోండి. మేట్రన్‌కి అధికారం ఎక్కువ, రోగి ఒంటిని ముట్టుకునే పని తక్కువ. ప్రొబేషనరుకి, అంటే ఇంకా శిక్షణలో ఉన్న పిల్లకి, మందుల బీరువా తాళం ఇవ్వరు. మూడేళ్ల శిక్షణ, ఆపైన ప్రసూతి శిక్షణ, తర్వాత నాలుగైదేళ్ల సర్వీసు. అంటే 27, 28 ఏళ్ల మనిషి. పెళ్లయితే ఉద్యోగం మానేయడం ఆనాటి ఆనవాయితీ కాబట్టి ఒంటరిదే అవుతుంది. సైనిక నర్సే కావాలనుకుంటే ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీసు 1926 నుంచి ఉంది. కానీ అందులో వాళ్లకి ఆఫీసరు కమిషన్ 1943లో గానీ రాలేదు, 1942లో సిపాయి చేత సెల్యూట్ కొట్టించకండి.

ఆ రోజుల్లో నర్సులు ఎంత తక్కువో పాఠకుడికి తెలియాలి. యుద్ధం చివర్లో దేశంలో ఆరోగ్య సేవల స్థితిని సర్వే చేసిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు. చాలామంది క్రైస్తవ కుటుంబాల నుంచో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచో వచ్చినవాళ్లు. పరాయి మగవాడి ఒంటిని ముట్టుకునే పని అని పెద్దకులాల ఇళ్లల్లో చిన్నచూపు. ఆమె చేతి మందు తాగి, ఆమె చేతి మంచినీళ్లు తాగని రోగిని ఒక్కడిని పెట్టండి. దాని గురించి ఆమె ఏమీ అననక్కర్లేదు. గ్లాసు ఎవరు అందించారన్న ప్రశ్న విచారణలో వచ్చినప్పుడు ఆ అవమానమే సాక్ష్యమవుతుంది: అతను ఆమె చేతి నీళ్లు తాగడు, కాబట్టి ఆ గ్లాసు ఇంకెవరో ఇచ్చారు.

మాట విషయంలో ఒక జాగ్రత్త. వార్డులో అందరి చేతా పుస్తకభాష పలికించకండి, అందరి చేతా యాస పలికించి వెక్కిరించినట్టూ చేయకండి. "నర్సమ్మగోరూ, రేతిరి సూదేసినారు గానీ నొప్పి తగ్గనేదమ్మా" అని ముసలాయన అంటే, "ఎప్పుడు వేశారు తాతా, కోడి కూసిందా అప్పటికి?" అని ఆమె అడుగుతుంది. "నేదమ్మా, మెయిలు కూతేసినాది." అంతే, టైము దొరికింది. రైల్వే టైమ్‌టేబుల్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

రిజిస్టరు ముందు, కథ తర్వాత

కథాంశం రాసుకునే ముందు హత్య జరిగిన రాత్రి తాలూకు వార్డు కాగితాలు మీ చేత్తో మీరే తయారుచేయండి. ఇది ఒక్కటి చేస్తే సగం నవల కుదురుకుంటుంది. కావలసినవి మూడు: ఒక్కో రోగికి ఉష్ణోగ్రత, నాడి, శ్వాస చార్టు, మార్ఫిన్ వంటి మందుల రిజిస్టరు, రాత్రి నర్సు పొద్దున అప్పగించే రిపోర్టు. మార్ఫిన్ లాంటివి 1930 నాటి డేంజరస్ డ్రగ్స్ చట్టం కిందికి వస్తాయి, వాటికి తాళం, లెక్క ఉంటాయి.

కొలతలు గ్రెయిన్లు, ఔన్సుల్లో రాయండి. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మార్ఫిన్ మామూలు మోతాదు పావు గ్రెయిన్. చిన్న మాత్రని మరగబెట్టిన నీళ్లలో కరిగించి సూదిలోకి తీసుకునేవారు. సిరంజి గాజుది, వాడిన ప్రతిసారీ ఉడకబెట్టాల్సిందే. థర్మామీటరు ఫారెన్‌హీట్, దానిమీద మామూలు గీత 98.4 దగ్గర. పెన్సిలిన్ లేదు. చీముకి సల్ఫా మందులున్నాయి, న్యుమోనియాకి ఎం అండ్ బి 693 ఉంది. వార్డు వాసన లైసాల్, కార్బాలిక్, అయోడిన్.

ఇప్పుడొక రాత్రి వేసి చూద్దాం. రాత్రి ఎనిమిదికి పావు గ్రెయిన్ మార్ఫిన్ మాత్రలు 20. తొమ్మిదీ నలభైకి 4వ మంచానికి ఒకటి, పదీ పావుకి 11వ మంచానికి ఒకటి, ఒంటిగంటన్నరకి 7వ మంచానికి ఒకటి. తెల్లారి లెక్కలో 17. రిజిస్టరు పక్కాగా సరిపోయింది. కొత్త రచయితలు ఇక్కడే ఒక మాత్ర మాయం చేసి క్లూ అంటారు. అలా చేస్తే అది నాలుగో పేజీలోనే తేలిపోతుంది, హంతకుడు తెలివితక్కువవాడని కూడా తేలుతుంది. లెక్కని అలాగే ఉంచి చార్టు చూడండి. 7వ మంచం మనిషికి విరిగిన కాలు. ఒంటిగంటన్నరకి సూది పడితే రెండున్నరకల్లా మూలుగు ఆగాలి, శ్వాస నెమ్మదించాలి. చార్టులో శ్వాస 28, నాడి 110, "నిద్ర లేదు" అని రాసి ఉంది. అతని ఒంట్లోకి పోయింది ఉత్త నీళ్లు. మరి ఆ మాత్ర ఎక్కడికి పోయింది? 9వ మంచంలో గజ్జికి మందు రాసుకుంటున్న ఆరోగ్యవంతుడైన కూలీ తెల్లవారకముందు లేపబోతే మగతగా మళ్లీ మళ్లీ నిద్రలోకి జారిపోతున్నాడు. ఆమె కంటిరెప్ప ఎత్తి చూస్తుంది. బ్లాకవుట్ కోసం నీలం కాగితం చుట్టిన లాంతరు వెలుగులో ఎవరి కంటిపాపైనా పెద్దదవాలి. అతనిది ఆవగింజంత ఉంది.

లెక్క సరిపోయింది, ఒళ్లు సరిపోలేదు. నర్సు నవలకి ఇంతకంటే మంచి క్లూ ఉండదు. అయితే పావు గ్రెయిన్‌తో వయసొచ్చిన మనిషిని చంపేయకండి, మీ పాఠకుల్లో డాక్టర్లుంటారు. ఆ కూలీని నిద్రపుచ్చడానికే వాడారని రాయండి: అతని మంచం నుంచి వెనక మెట్లు కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. పసుపు లాంతరు వెలుగులో పెదవుల నీలం కనిపెట్టడం చాలా కష్టం. ఆ రంగు క్లూ కావాలంటే తెల్లారేదాకా ఆగండి.

హత్యకి కారణం ఊరినీ కాలాన్నీ బట్టి

ఆస్తి తగాదా, ప్రేమ వ్యవహారం ఏ కాలానికైనా సరిపోతాయి. 1942 విశాఖకే చెందిన కారణం వెతకండి. ఒకటి క్వినైన్, చలిజ్వరానికి (మలేరియాకి) మందు. అది తీసే సింకోనా బెరడు ప్రపంచానికి అత్యధికంగా అందించిన జావా 1942 మార్చిలో జపాన్ వశమైంది. ఇక్కడేమో ఏజెన్సీ నుంచి తీరం దాకా చలిజ్వరం. క్వినైన్ బంగారమైపోయింది. కాంపౌండరు సీసా మందులో సగం తీసి అమ్ముకుని మిగతాది వేరే చేదుతో నింపితే నాలుకకి తెలియదు. నర్సుకి తెలుస్తుంది, రెండు దారుల్లో. మొదటిది చార్టు: రోజు విడిచి రోజు వచ్చే జ్వరం మందు పడుతున్నా అదే మెట్లలో ఎక్కి దిగుతోంది. రెండోది ఇంకా అందమైనది. క్వినైన్ సరిగా పడినవాడికి చెవుల్లో గుయ్యిమంటుంది, వినికిడి మందగిస్తుంది. క్వినైన్ వార్డంటే అందరూ కాస్త గట్టిగా మాట్లాడుకునే వార్డు. మూడో అధ్యాయంలో ఆ గోలని సరదాగా చూపించండి. ఎనిమిదో అధ్యాయంలో వార్డు ప్రశాంతంగా ఉందని ఒక్క వాక్యం వేయండి. పద్నాలుగులో ఆమె హఠాత్తుగా చేతిలో గ్లాసు కింద పెట్టి, ఇరవైమందిలో ఒక్కడూ చెవులు గుయ్యిమంటున్నాయనడం లేదేమిటని ఆలోచిస్తుంది.

రెండోది రంగూన్. 1941 డిసెంబరు 23న అక్కడ మొదటి బాంబులు పడ్డాక వేలాది తెలుగువాళ్లు తిరుగుదారి పట్టారు. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అడవుల్లో వారాల తరబడి కాలినడకన. కాగితాలు లేవు, సాక్షులు లేరు. ఎవడైనా ఎవడి పేరైనా చెప్పుకోవచ్చు, ఎవరి ఇంటికైనా కొడుకుగా రావచ్చు. అలాంటివాడు జ్వరంతో వార్డులో చేరితే ఆమె ముందు చేసే పని కాళ్లు కడగడం. అరకాన్ అడవులు నడిచొచ్చానన్నవాడి అరికాళ్లు మెత్తగా ఉన్నాయి. జలగ కాటు మచ్చ ఒక్కటి లేదు. ఆమె తడిగుడ్డ పిండి నీళ్లు పారబోసి వచ్చేస్తుంది, ఏమీ అనదు. ఆ పేజీలో మీరు కూడా ఏమీ అనకండి.

శవం, చట్టం

ఇంగ్లండు నవలలు చదివినవాళ్లు కరోనర్ (అనుమానాస్పద చావుల మీద విచారణ జరిపే అధికారి) విచారణ పెట్టేస్తారు. మన విశాఖలో కరోనర్ లేడు, ఆ పదవి అప్పటికి బొంబాయి, కలకత్తాల్లోనే. ఇక్కడ పోలీసు వచ్చి ఊరిపెద్దల ఎదుట శవ పంచనామా చేస్తాడు, డాక్టరు పోస్టుమార్టం చేస్తాడు, పొట్టలోని భాగాలు సీసాల్లో మద్రాసు కెమికల్ ఎగ్జామినర్‌కి రైలెక్కుతాయి. జవాబు రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాలే మీ నవల నడిమి భాగం.

చనిపోయిన టైము చెప్పడంలో ఎక్కువమంది తప్పుతారు. చలిదేశపు పుస్తకాల్లో ఒళ్లు చల్లబడిన లెక్కతో గంటలు చెబుతారు. ఏప్రిల్ విశాఖలో గాలి వేడే ఒంటి వేడికి దగ్గర్లో ఉంటుంది, ఆ లెక్క పనికిరాదు. బిగుసుకోవడం కూడా త్వరగా మొదలై త్వరగా సడలుతుంది. నమ్మదగింది నెత్తురు కిందికి దిగి కమిలిన మచ్చలు. అవి కొన్ని గంటలకు స్థిరపడతాయి. వెల్లకిలా పడుకున్న శవానికి మచ్చలు పొట్టవైపున్నాయంటే చాలాసేపటి తర్వాత ఎవరో తిరగేశారు. శవానికి ఆఖరి స్నానం చేయించేది నర్సే కాబట్టి ఇది ఆమె కంట పడడం సహజం.

ఒప్పుకోలు సీనుతో ముగించేవాళ్లు 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను చదవాలి. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 32వ సెక్షను మాత్రం మీ నర్సు కోసమే రాసినట్టుంటుంది: చనిపోయిన మనిషి తన చావుకి దారితీసిన పరిస్థితుల గురించి ఎవరితో చెప్పినా అది సాక్ష్యమే, నర్సుతో చెప్పినా సరే. దీనికి తెలుగునేలతో ముడిపడిన ఉదాహరణ పాకాల నారాయణస్వామి కేసు. పిఠాపురం మనిషి శవం 1937లో పూరీ స్టేషన్లో రైల్లో, ట్రంకులో దొరికింది. బరంపురం వెళుతున్నానని అతను భార్యతో అన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందని అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1939లో తీర్పిచ్చింది. మీ నవలలో పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆ తీర్పు ఎత్తితే మూడేళ్ల నాటి తాజా మాటే అవుతుంది.

రాతపని

30 అధ్యాయాలు, ఒక్కోటి 1,500 నుంచి 1,800 మాటలు. చావు మూడో అధ్యాయం దాటకూడదు. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: క్లూ ఏమిటి, ఎవరికి తెలుసు, పాఠకుడికి మొదట ఎక్కడ చూపాం, ఎక్కడ అర్థమవుతుంది. మొదటి చూపుకీ అర్థానికీ మధ్య కనీసం ఐదు అధ్యాయాలు ఉండాలి, మధ్యలో ఒకసారి చూచాయగా గుర్తుచేయాలి. ముఖ్యమైన వస్తువుని మూడింటి మధ్య దాచండి: చివర్న పెడితే కంట్లో పడుతుంది, నడుమ పెడితే జారిపోతుంది.

డబ్బు రూపాయలు, అణాలు, పైసల్లో రాయండి. చిల్లు కానీ 1943లో వచ్చింది. 1942 ఏప్రిల్‌లో చనిపోయినవాడి జేబులో అది దొరికితే మీ పొరపాటు, లేదా తర్వాత ఎవరో ఆ చొక్కా వేసుకున్నారన్నమాట.

చిత్తుప్రతి పూర్తయ్యాక కథ సంగతి చెప్పకుండా వార్డు సీన్లు మాత్రం విడదీసి, రిటైరైన నర్సు ఒకరికి చదవడానికివ్వండి. పాత గాజు సిరంజీలతో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. బాగుందా అని అడగకండి. ఈ రాత్రి డ్యూటీలో ఈమె చేయకుండా వదిలేసిన పని ఏమిటని అడగండి. ఆవిడ చెప్పిన ప్రతి పనినీ చార్టులో ఆ గంటకి ఎదురుగా పెన్సిలుతో రాసుకుని, హంతకుడు వార్డులోకి వచ్చిన టైము మళ్లీ లెక్క చూసుకోండి.